ఎనిమిది వారాల కుర్చీ

అరవై మీటర్ల ఎత్తున, చుట్టూ అద్దాలున్న చిన్న గదిలో కూర్చుని పద్నాలుగేళ్ళు పని చేసిన మనిషి అతను. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఒంటిచెయ్యి చాపుకుని నిలబడే క్రేన్లు ఉంటాయి చూడండి, వాటిని నడిపేవాడు. సైటులో అందరూ అతన్ని "పైవాడు" అనేవాళ్ళు. ఇటుకలు ఆలస్యంగా వస్తే "అంతా పైవాడి దయ" అని ఒకడనేవాడు. మేస్త్రీ ఎవరినైనా అన్యాయంగా తిడితే "పైవాడు చూస్తూనే ఉన్నాడులే" అని ఇంకొకడు. అందరూ తలలెత్తి చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ పేరంటే అతనికి లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది.

మాటలు తక్కువ. పొద్దున్నే నడుముకి బెల్టు బిగించుకుని నిచ్చెనలెక్కడం మొదలుపెడితే పైకి చేరేసరికి పావుగంట. పని ఒత్తిడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం దిగేవాడే కాదు. అన్నం డబ్బా పైకే పట్టుకెళ్ళేవాడు. తాగడానికి ఒక సీసా, తాగింది బయటికి పోవడానికి ఇంకో సీసా. ఆ రెండూ ఒకే రంగువి పెట్టుకోవద్దన్నది, కొత్తగా క్రేనెక్కేవాళ్ళకి అతను నేర్పే మొదటి పాఠం.

పైనుంచి అన్నీ కనపడవు. గోడ అవతల ఏముందో, బరువు దిగేచోట ఎవరు నిలబడ్డారో కింద ఉండే సిగ్నల్‌మన్ వాకీటాకీలో చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా అతనికి ఒకడే సిగ్నల్‌మన్. చుట్టరికమేమీ లేకపోయినా "బావా" అని పిలిచేవాడు. "కొంచెం ఎడమకి బావా... ఇంకొంచెం... చాలు, దించెయ్." రోజంతా చెవిలో ఆ గొంతే. ఇంట్లో భార్యతో మాట్లాడినదానికంటే ఆ గొంతుతో మాట్లాడిందే ఎక్కువ. ఆ మాట భార్యే అనేది, నవ్వుతూ.

ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేసేది. అద్దాలని మిషన్ మీద అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే పని. పదిహేనేళ్ళ కూతురు. రెండు గదుల ఇల్లు, ఒక్కటే బాత్రూము. కడుపులో చల్ల కదలకుండా బతికారని చెప్పుకోదగ్గ సంసారం.

కదిలింది సరిగ్గా ఆ కడుపులోనే.

మొదట్లో ఏదో పడలేదనుకున్నాడు. రోజుకి నాలుగుసార్లు, అయిదుసార్లు వెళ్ళాల్సి వచ్చేది. తర్వాత జిగట, ఆ తర్వాత నెత్తురు. మొలలనుకుని మందుల షాపువాడిచ్చిన పూత పూసుకున్నాడు. భార్యకి చెప్పలేదు. పొద్దున తినడం మానేస్తే మధ్యాహ్నం దాకా గండం గడుస్తుందని కనిపెట్టి, ఆ కిటుకుతోనే రెండు నెలలు నెట్టుకొచ్చాడు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు, పదహారో అంతస్తు శ్లాబుకి కాంక్రీటు తొట్టి ఎత్తుతున్నాడు. తొట్టి గాల్లో ఉంది. దాని కింద పన్నెండుమంది మనుషులున్నారు. అప్పుడు పొత్తికడుపులో ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టయింది. ఆ నొప్పి అతనికి తెలుసు. నొప్పి మొదలయ్యాక రెండు నిమిషాలకి మించి ఆగదని కూడా తెలుసు. కింద మరుగుదొడ్డికి పావుగంట దారి.

"బావా, ఆగిపోయావేం?" చెవిలో గొంతు.

అతను పళ్ళు బిగబట్టి తొట్టిని తిప్పాడు. గాలికి అది ఊగబోతే ఆపాడు. బెత్తెడు బెత్తెడు దించాడు. అది శ్లాబు మీద ఆనీ ఆనకముందే ఇక్కడ ఒంటి మీద పట్టు తప్పిపోయింది. తొట్టి ఖాళీ అయ్యేదాకా, దాన్ని మళ్ళీ నేలకి చేర్చేదాకా, ఆ తడిలోనే కూర్చుని మీటలు కదిపాడు. అద్దాల గదిలో, పట్టపగలు, నగరమంతా కళ్ళముందు పరుచుకుని ఉండగా నలభై మూడేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయేదాకా దిగలేదు. దిగేసరికి క్రేను పాదం దగ్గర సిగ్నల్‌మన్ ఒక్కడే ఉన్నాడు. చేతిలో బకెట్టు నీళ్ళు, తన సొంత ప్యాంటొకటి.

"సిమెంటు నీళ్ళు మీద పడ్డాయని వాచ్‌మన్‌కి చెప్పాను బావా," అన్నాడు అటు తిరిగి నిలబడి. "రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. రాను గీను అన్నావంటే మీ ఆవిడకి చెప్పేస్తాను."

పెద్దాసుపత్రిలో గొట్టం వేసి లోపల చూశారు. డాక్టరు వయసులో అతనికంటే చిన్నవాడే. కాగితం మీద పేగు బొమ్మ గీసి, ఎడమవైపంతా ఎర్రసిరాతో గీతలు కొట్టాడు.

"పెద్దపేగు లోపలి పొర వాచిపోయి పుండ్లు పడింది. రోగాలతో పోరాడాల్సిన శక్తి పొరపాటున మీ పేగు మీదికే తిరగబడింది. అంటుజబ్బు కాదు. మీరు తిన్నదాని వల్ల వచ్చిందీ కాదు. అదుపులో పెట్టొచ్చు. మందులతో పూర్తిగా పోయేది మాత్రం కాదు."

"ఎన్నాళ్ళు వాడాలండీ?" అంది భార్య.

"ఉన్నన్నాళ్ళూ."

ఆవిడ ఆ పేగు బొమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

బిళ్ళలు మొదలయ్యాయి. అవి చాలక స్టెరాయిడ్లు. స్టెరాయిడ్లతో నెత్తురు ఆగేది. తగ్గించగానే మళ్ళీ మొదలు. మొహం ఉబ్బి గుండ్రంగా తయారైంది. ఏడాది గడిచేసరికి అద్దంలో ఉన్నది ఎవరో పోల్చుకోలేకపోయాడు. నిద్ర పట్టేది కాదు, ఊరికే కోపమొచ్చేది. ఒకసారి బాత్రూములో ఉండగా కూతురు తలుపు తట్టింది. "నాన్నా, స్కూలుకి టైమవుతోంది." అతను లోపల్నుంచి ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. ఆ పిల్ల పక్కింటికెళ్ళి స్నానం చేసి బడికి వెళ్ళింది. ఆ రోజు నుంచి రోజూ అలాగే వెళ్ళింది. స్నేహితురాళ్ళని ఇంటికి తీసుకురావడం ఎప్పుడు మానేసిందో అతను గమనించలేదు. గమనించాక ఎందుకని అడిగే ధైర్యం చాలలేదు.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళే. పంపించెయ్యలేదు. స్టోరు గదిలో కుర్చీ వేశారు. మేకుల లెక్క, బోల్టుల లెక్క చూడమన్నారు. స్టోరు పక్కనే మరుగుదొడ్డి. మొహమాటానికి ఎవరూ ఆ మాట అనలేదు గానీ, ఆ కుర్చీ అక్కడెందుకు పడిందో సైటంతటికీ తెలుసు. "పైవాడు కిందికొచ్చాడు" అని ఎవడో అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. క్రేను మీద కొత్త కుర్రాడు. కొక్కెం ఊగుతుంటే అతను స్టోరు కిటికీలోంచి చూసేవాడు. అతని చేతులు వాటంతటవే మేకుల డబ్బా మీద మీటలు తిప్పినట్టు కదిలేవి.

అప్పుడు డాక్టరు సెలైన్‌లా ఎక్కించే మందు సంగతి చెప్పాడు. ముందు చాలా పరీక్షలు చేశారు. ఒంట్లో ఎక్కడైనా క్షయ దాక్కుని ఉందా, కాలేయానికి వైరస్ పట్టిందా, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయా అని. ఈ మందు ఒంటి శక్తిని కొంచెం అణిచిపెడుతుందట. నిద్రపోతున్న రోగమేదైనా ఉంటే లేచి కూర్చుంటుందట. అన్నీ సరిగ్గా ఉన్నాయన్న కాగితం చేతికొచ్చిన రోజు, భార్య చాలాకాలానికి కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమింది.

ఆ వార్డులో మంచాలుండవు. వెనక్కి వాలే కుర్చీలు ఆరు, ఒక్కోదాని పక్కన ఒక్కో చక్రాల స్టాండు. అతనికి కిటికీ వైపు మూలకుర్చీ ఇచ్చారు. సిస్టర్ బరువు తూచింది, జ్వరం చూసింది, బీపీ చూసింది.

"దగ్గు, జలుబు, పంటి నొప్పి, ఒంటి మీద ఎక్కడైనా చీము, ఏమైనా ఉన్నాయా? ఉంటే ఇవాళ ఎక్కించం. దాచొద్దు," అంది.

"ఏమీ లేవండి."

"అయితే ఇప్పుడు మందు కలపమని చెప్తాను. మనిషి వచ్చి కూర్చుని అంతా బాగుందనుకున్నాకే కలుపుతారు. ముందే కలిపి పెట్టేది కాదిది. మొదట ఎలర్జీ రాకుండా ఒక ఇంజెక్షన్ ఇస్తాను, నిద్ర ముంచుకొస్తుంది, పడుకోండి. మందు రెండు గంటలు ఎక్కుతుంది. మొదట్లో చాలా నెమ్మదిగా వదులుతాను. అరగంటకోసారి బీపీ చూస్తాను. ఒళ్ళు దురద పెట్టినా, మొహం వేడెక్కినా, ఊపిరి బరువనిపించినా వెంటనే చెప్పండి. అయ్యాక ఇంకో గంట ఇక్కడే కూర్చోవాలి. మళ్ళీ రెండు వారాలకి, తర్వాత ఆరో వారానికి. అక్కణ్ణుంచి ఎనిమిది వారాలకోసారి."

స్టెరాయిడ్లకి చర్మం పలచబడి నరాలు దొరకలేదు. మూడోచోట పొడిస్తే గాని సూది నిలవలేదు. చుక్క చుక్కగా మందు దిగడం మొదలైంది. చూడ్డానికి ఉత్త నీళ్ళలా ఉంది. దీనికోసమేనా ఇంత హడావుడి అనిపించింది అతనికి. ఆ రెండు గంటల్లో మూడుసార్లు స్టాండు తోసుకుంటూ బాత్రూముకి వెళ్ళాడు. దాని చక్రం ఒకటి కీచుమని అరిచేది. మూడోసారి వెళ్ళి వస్తుంటే పక్క కుర్చీలో ఆవిడ పుస్తకంలోంచి తలెత్తింది.

"ఆ స్టాండు ఎప్పుడూ అంతే. ఈసారి వచ్చినప్పుడు నీలం గుడ్డ చుట్టినది అడగండి. నేను లైబ్రరీలో పని చేస్తాను. చప్పుడంటే నాకు పడదు." తెల్లజుట్టు, సన్నటి మనిషి. "కంగారుపడకండి. ఈ గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు."

ఏడాదిన్నర తర్వాత ఆ ఊసెత్తినా సిగ్గనిపించని మొదటి క్షణం అదే అతనికి.

"మీకెన్నాళ్ళ నుంచమ్మా?"

"ఇది పద్దెనిమిదోసారి."

"పని చేస్తుందా?"

ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి మూసింది. "నాకు చేసింది. మీకు చేస్తుందని చెప్పను, చెప్తే అబద్ధమవుతుంది. మీరు కూర్చున్న కుర్చీలో మీకు ముందు ఒకాయన వచ్చేవారు. బంగారంలాంటి మనిషి. ఆయనకి చెయ్యలేదు. మంచితనానికీ దీనికీ లంకె లేదు నాయనా. ఒక్క మాట మాత్రం చెప్తాను. ఏమాత్రం తేడా అనిపించినా వీళ్ళకి చెప్పెయ్యండి, బింకం పోకండి."

అతను తలాడించాడు. నిద్ర ముంచుకొచ్చింది.

రెండోసారి ఎక్కించిన తొమ్మిదో రోజున, పొద్దున బాత్రూములోంచి బయటికి వచ్చి, గోడకి చేరగిలబడి చాలాసేపు నిలబడ్డాడు. నెత్తురు లేదు. నొప్పి లేదు. సాయంత్రం దాకా మళ్ళీ పిలుపు రాలేదు. ఆగలేక భార్యకి ఫోను చేశాడు. వెనకాల మిషన్ గరగరమంటోంది.

"ఏమైంది? ఏమైందండీ?"

"ఏం కాలేదు. ఇవాళ ఒక్కసారే."

"ఆఁ?"

"ఒక్కసారే వెళ్ళాను అంటున్నా!"

మిషన్ చప్పుడు ఆగిపోయింది. "అద్దం పగిలిపోయింది," అంది. ఆ తర్వాత ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి అర్థం కాలేదు.

పద్నాలుగో వారానికి నాలుగోసారి ఎక్కించి, మళ్ళీ గొట్టం వేసి చూశారు. పుండ్లు మానుతున్నాయన్నాడు డాక్టరు. స్టెరాయిడ్లు ఆగిపోయాయి. మొహం మొహంలా అయింది. కంపెనీ డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు. సోమవారం పొద్దున అతను మళ్ళీ క్రేనెక్కాడు. కండలు కరిగిపోయి పావుగంట దారికి అరగంట పట్టింది. మధ్యలో రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. గదిలో కూర్చుని వాకీటాకీ నొక్కితే, "రా బావా, ఆ కుర్రాడు నా ప్రాణం తోడేశాడు," అంది గొంతు. మధ్యాహ్నానికల్లా కింద ఎవడో "మనకి మళ్ళీ పైవాడున్నాడ్రోయ్" అని అరిచాడు. ఇంట్లో కూతురు తన బాత్రూములో తనే స్నానం చేసింది. ఒక ఆదివారం ఇద్దరు స్నేహితురాళ్ళు ఇంటికొచ్చి పగలబడి నవ్వుతూ సాయంత్రం దాకా కూర్చున్నారు. అతను పక్కగదిలో పడుకుని ఆ నవ్వులు వింటూ ఉండిపోయాడు.

ఆ సుఖం అయిదు వారాలు.

ఆరో వారంలో ఒక పొద్దున జిగట కనపడింది. కడుపు వేడి చేసిందనుకున్నాడు. అలా అనుకోవాలని గట్టిగా అనుకున్నాడు. నాలుగు రోజులకి నెత్తుటి చార. ఎనిమిది వారాలు నిండడానికి ఇంకా పదిరోజులుంది. మందు బలం తగ్గుంటుంది, ఎక్కించగానే సర్దుకుంటుంది, ఇప్పుడు చెప్తే క్రేను మీంచి దింపేస్తారు. అంతే లెక్క. ఎవరికీ చెప్పలేదు.

అయిదోసారి కుర్చీలో కూర్చున్నప్పుడు సిస్టర్ అడిగింది. "ఎలా ఉంది? రోజుకి ఎన్నిసార్లు?"

"బాగుందండి. ఒకటి, రెండు."

పక్క కుర్చీలోంచి లైబ్రరీ ఆవిడ అతనివైపు చూసింది. అతను కిటికీ వైపు తిరిగాడు.

మందు ఎక్కాక పదిరోజులు హాయిగా గడిచాయి. తర్వాత మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. పొద్దున తినడం మానేశాడు. విరేచనాలు కట్టే బిళ్ళలు తనే కొనుక్కుని మింగాడు. మూడు వీధుల అవతల, తనని ఎరగని షాపులో, పెద్దవాళ్ళకి కట్టే డయపర్లు కొని క్రేను గదిలో దాచుకున్నాడు. వాటి మీద ప్యాంటు, ప్యాంటు మీద బెల్టు. బరువు తగ్గుతుంటే నిచ్చెనలెక్కి చిక్కానన్నాడు భార్యతో. ఆవిడ నమ్మిందో, నమ్మాలనుకుందో. "బావా, నీ గొంతు బాగాలేదు," అని సిగ్నల్‌మన్ రెండుసార్లు అడిగాడు. "నీ రేడియో బాగాలేదు," అన్నాడు అతను. ఎందుకు దాచావని ఇవాళ అడిగితే అతను చెప్పే జవాబు ఒక్కటే: ఆ ఇంట్లో నవ్వులు తనవల్ల ఆగిపోవడం రెండోసారి చూడలేకపోయాడు.

ఆరోసారి కూడా "బాగుందండి" అన్నాడు. నరం దొరికింది. మందు దిగడం మొదలైంది. పది నిమిషాలు కూడా కాలేదు. మొదట చెవులు వేడెక్కాయి. తర్వాత మెడ. ఛాతీ మీద ఎవరో ఇటుకలు పేర్చినట్టయింది. చెబుదామంటే గొంతు పెగల్లేదు. లైబ్రరీ ఆవిడే పుస్తకం కింద పడేసి "సిస్టర్!" అని కేక పెట్టింది. చప్పుడంటే పడని మనిషి కేకకి వార్డంతా లేచి నిలబడింది.

మందు ఆపేశారు. ఆక్సిజన్ పెట్టారు, తొడలో ఇంజెక్షన్ పొడిచారు, నరంలో ఇంకోటి. ఒళ్ళంతా దద్దుర్లు. నలుగురు మనుషులు తన మీదికి వంగి ఉంటే అతనికి పైకప్పు మీద లైటు ఒక్కటే కనపడింది. పైప్రాణాలు పైనే పోయాయనుకున్నాడు. పోలేదు. అరగంటకి ఊపిరి దారిలో పడింది.

భార్య పనిలోంచి పరుగెత్తుకొచ్చింది. చేతుల మీద గాజుపొడి అలాగే ఉంది. డాక్టరు రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చేసరికి నాలుగు రోజులైంది.

"మీ ఒళ్ళు ఆ మందుని శత్రువనుకుంది. దాన్ని పట్టి పనిచెయ్యనివ్వని యాంటీబాడీలు తయారుచేసుకుంది. ఇక ఈ మందు మీకు పనికిరాదు, ప్రమాదం కూడా." కాగితం మడిచాడు. "ఒక సంగతి అడుగుతాను. మధ్యలో లక్షణాలేమీ తిరిగి రాలేదా?"

అప్పుడు చెప్పాడు. డయపర్ల దాకా అన్నీ చెప్పాడు. నేలకేసి చూస్తూ చెప్పాడు.

"అప్పుడే చెప్పుంటే?" అంది ఆవిడ డాక్టరుతో.

"మోతాదు పెంచేవాళ్ళం. ఎనిమిది వారాల గడువు తగ్గించేవాళ్ళం. నిలబడేదేమో."

"అంటే నిలబడేదా?"

"చెప్పలేనమ్మా. కొంతమందిలో ఏం చేసినా నిలబడదు."

ఆ "చెప్పలేను" అనే మాట అతని మెడకి చుట్టుకుంది. నీవల్లే అంటే తిట్టుకునేవాడు. నీవల్ల కాదంటే ఏడ్చి ఊరుకునేవాడు. రెండూ కాకుండా పోయింది. ఇంటికెళ్ళాక భార్య వంటింట్లో అటు తిరిగి నిలబడి, "నాకైనా చెప్పాల్సింది," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇంకో మందు మొదలుపెట్టారు. అదే వార్డు, అదే కుర్చీ, నీలం గుడ్డ చుట్టిన స్టాండు. ఇది నెమ్మదిగా పని చేస్తుందట, పద్నాలుగో వారానికి గాని తెలియదట. ఈసారి అతను ఒక్కటీ దాచలేదు. ఎన్నిసార్లు, ఎంత నెత్తురు, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, అన్నీ పుస్తకంలో రాసి సిస్టర్‌కి చూపించేవాడు. అంకెలు తగ్గలేదు. ఎనిమిది, తొమ్మిది, పదకొండు. సిస్టర్ పేజీ తిప్పుతూ "ఇంకా టైముంది" అనేది. మూడోసారికి ఆ మాట కూడా అనలేదు.

లైబ్రరీ ఆవిడ ఒకసారి తన కుర్చీని అతని దగ్గరికి జరుపుకుంది. "నా మాట వినలేదని కోపమేమీ లేదు. పంతొమ్మిదోసారికి ముందు నేనూ ఒక అబద్ధమాడాను, పంటి నొప్పి దాచాను. నాకేమీ కాలేదు, అంతే. నాకున్న అదృష్టం మీకు లేకపోయింది." అతనికి ఆ మాట ఓదార్పుగా తగల్లేదు. కానీ అబద్ధంగా కూడా తగల్లేదు.

ఈలోగా, అతను మళ్ళీ స్టోరులో మేకుల లెక్క చూస్తుండగా, భవనం పూర్తయింది. క్రేనుని ముక్కలు ముక్కలుగా విప్పి లారీల్లో పంపేశారు. సిగ్నల్‌మన్‌ని దూరంగా ఉన్న ఇంకో సైటుకి వేశారు. వెళ్ళేముందు ఇంటికొచ్చాడు. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు రాలేదు. తొమ్మిదేళ్ళూ వాళ్ళు మాట్లాడుకున్నది ఎడమ, కుడి, ఎత్తు, దించు. "ఫోన్ చేస్తాను బావా," అన్నాడు. చేశాడు కూడా, రెండుసార్లు. అతను మోగనిచ్చి ఊరుకున్నాడు.

పద్నాలుగో వారంలో గొట్టం వేసి చూసి, డాక్టరు ఎర్రసిరా పెన్ను తియ్యలేదు. పేగంతా అలాగే ఉందన్నాడు. పెద్దపేగు తీసెయ్యాలి. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, చిన్నపేగు కొసని అక్కడికి తెచ్చి కుడతారు. బయట ఒక సంచి అతికించుకోవాలి. "నెత్తురు ఉండదు, నొప్పి ఉండదు. చాలామంది హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు," అన్నాడు. అది నిజమే కావచ్చు. అతనికి మాత్రం ఆ చాలామందిలో తన మొహం కనపడలేదు.

ఆపరేషన్‌కి రెండురోజుల ముందు ఇంకో సిస్టర్ అతన్ని చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. సంచి ఎక్కడ అతకాలో ముందే గుర్తు పెట్టుకోవడం ఆవిడ పని. చొక్కా విప్పమంది. నిలబడమంది, కూర్చోమంది, వంగమంది. చర్మం మడత పడేచోట పెడితే సంచి ఊడి వస్తుందట.

"మీరేం పని చేస్తారండీ?"

"క్రేను నడుపుతాను. పైన."

"అయితే అక్కడ కూర్చున్నట్టే కూర్చోండి."

అతను కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి, మోకాళ్ళ మధ్యలోంచి కిందికి చూస్తూ ముందుకి వంగాడు. పొట్ట మూడు మడతలు పడింది. ఆవిడ చూపుడువేలితో మడతలు తడిమింది.

"బెల్టు ఎక్కడ కడతారు?"

చూపించాడు. నడుము చుట్టూ ఒక పట్టీ, తొడల మీంచి రెండు.

ఆవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది. బొడ్డుకి కుడివైపు కింద పెట్టబోయి ఆగింది. పైకి జరిపి ఆగింది. బెల్టు తగలని చోట మడత ఉంది. మడత లేనిచోట బెల్టు ఉంది. చివరికి తలుపు దగ్గర నిలబడ్డ భార్యని అడిగింది, అతన్ని కాదు.

"ఈయన మళ్ళీ ఆ పనికి వెళ్తారామ్మా?"

అతను చాచిన చేతులు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బెల్టు సంగతి వదిలెయ్యండి," అన్నాడు.

సిస్టర్ బెల్టు వచ్చేచోటే నల్లగా చుక్క పెట్టి, చెరిగిపోకుండా పైన పలచటి ప్లాస్టర్ అంటించింది. రెండురోజులు దానిమీద సబ్బు రుద్దొద్దంది. చొక్కా తొడుక్కుంటుంటే గుండీలు అందలేదు అతనికి. భార్య వచ్చి పెట్టింది, పై నుంచి కిందికి, ఒక్కొక్కటీ.

బయట ఎండ చురుక్కుమంటోంది. బస్సు కోసం నిలబడ్డారు. ఏమైనా తింటారా అంది ఆవిడ. వద్దన్నాడు. కూతురికి ఏం చెప్పాలంది. "గురువారం పొద్దున ఏడింటికి రమ్మన్నారని చెప్పు," అన్నాడు.